ప్రత్యంతరము పొరుగూరిలో ఉండవలె

మిత్రులెవరిని అడిగినా ఒకటే జవాబు: "మాస్టారూ, నా దస్త్రాలన్నీ భద్రం. ఇంకొక హార్డ్‌డిస్కులోకి నకలు తీసి పెట్టాను." ఆ డిస్కు ఎక్కడ ఉన్నదయ్యా అంటే, కంప్యూటరు బల్ల సొరుగులోనే! దీనిని భద్రత అనటానికి నేను అంగీకరించను. కంప్యూటరు ఎత్తుకొనిపోయే దొంగ సొరుగును మర్యాదగా వదలిపెట్టి వెళ్ళడు. నీటికీ నిప్పుకూ బల్ల వేరు, సొరుగు వేరు అన్న భేదం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. అటువంటి వేళ నేల అంతస్తులో అసలూ నకలూ కలిసే మునుగుతవి. నకలును పక్కవీధి బంధువుల ఇంట దాచినా ఫలితం అదే. దూరమంటే గోడకు అవతల కాదు, ఊరికి అవతల.

పూర్వులకు ఇది తెలుసు. ఒక కావ్యం బ్రతికి మన చేతికి వచ్చిందంటే అది తాటాకు గట్టితనం వలన కాదు. ఎవరో లేఖకుడు ప్రతి వ్రాసుకొని మరొక చోటికి పట్టుకుపోయిన పుణ్యం వలన. నన్నెచోడుని కుమారసంభవాన్నే చూడండి. తెలుగునాట కవి పేరే మరుగున పడి ఉండగా, తంజావూరిలో దొరికిన ప్రతి ఆధారంగా మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దానిని వెలుగులోకి తెచ్చారు. అరవదేశపు అటక మీద తెలుగు కావ్యం ప్రాణం దాచుకొన్నదన్న మాట! దానికి భిన్నంగా, 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని తగులబెట్టినప్పుడు సుమారు 97 వేల గ్రంథాలు బూడిద అయినవి. వాటిలో మరెక్కడా ప్రతి లేని తాళపత్రాలూ ఉన్నవి. వాటిని ఏ పరిష్కర్త తిరిగి తేగలడు?

ఇదంతా పంతులు చాదస్తమనీ, కాలం మారినదనీ నవ్వేవారున్నారు. కాలం ఏమి మారినదో 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా చూపించింది. డేజన్ నగరంలోని ప్రభుత్వ దత్తాంశ కేంద్రంలో మంటలు లేచి, ఉద్యోగుల పత్రాలు దాచిన 858 టెరాబైట్ల నిల్వ నశించింది. పరిమాణం మరీ పెద్దదని వెలుపల నకలు ఉంచలేదట! అంతటి సాంకేతిక ప్రజ్ఞ గల దేశం చెప్పిన సాకూ మా పక్కింటి అబ్బాయి చెప్పే సాకూ ఒక్కటే కావటం నాకు వినోదంగానూ ఉన్నది, భయంగానూ ఉన్నది.

"అంతా క్లౌడులో ఉన్నది" అనేవారు మరొక తెగ. చాలామంది ఇళ్ళలో జరుగుతున్నది ప్రతి దాచటం కాదు, ప్రతిబింబం చూపటం. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. చెరిపినవి కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉండవచ్చు గాని ఆ గడువు దాటితే దిక్కులేదు. పైగా రెండేళ్ళు వాడని ఖాతాలను తొలగించే నియమం గూగులు 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టింది. నా ఈడువారు ఈ రెండేళ్ళ లెక్క కొంచెం ఆలోచించుకోవలె. క్లౌడు వద్దని నేననను. అదొక్కటే చాలుననటం మీదనే నా జగడం.

నా కంప్యూటరులో ఉన్న సాఫ్టువేరు పోతే పోనీ, మళ్ళీ దొరుకుతుంది. బడిపిల్లల తాతల నోట విని, ఊరూరా తేడాలతో ఎక్కించుకొన్న మాటలున్నవి: మేడి, నొగ, కర్రు, ఏడికోల. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. మీ కంప్యూటరులోనూ ఇటువంటిది ఏదో ఒకటి ఉండకపోదు: అమ్మ గొంతు, నాన్నగారి ఉత్తరాల ఛాయాచిత్రాలు.

చేయవలసినదీ పెద్ద పని కాదు. రెండు చిన్న డిస్కులు కొనండి. ఒకటి ఇంట, ఒకటి వేరే ఊరిలో కూతురింటనో తమ్ముడింటనో. సంక్రాంతికీ దసరాకూ రాకపోకలు ఎలాగూ ఉన్నవి; పిండివంటల సంచిలోనే డిస్కులూ మారుతవి. మా ఇంట అదే పద్ధతి. అయితే తెరిచి చూడని నకలును నమ్మరాదు. 1998లో పిక్సార్ సంస్థలో టాయ్ స్టోరీ 2 చిత్రపు దస్త్రాలు పొరపాటున చెరిగిపోతే, సంస్థలోని నకళ్ళు పనికిరాలేదు. పసిబిడ్డతో ఇంటి నుండి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని కంప్యూటరులోని ప్రతే ఆదుకొన్నది.

బావమరిది తెరిచి చదువుతాడేమో అని ఒక మిత్రుని శంక. డిస్కుకు సంకేతపదంతో తాళం వేయవచ్చు. ఆ సంకేతపదాన్ని కాగితం మీద వ్రాసి ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి. డిస్కు వెంట మాత్రం పంపకండి.