బెండుకు పైసలా?

నెలకు ఒకరైనా నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. "అన్నా, మొదటి పైపు కొందామనుకుంటున్నా. బడ్జెట్ రెండు మూడు వేలు. ఏది తీసుకోవాలి?" అడిగేవాళ్లలో ఎక్కువమంది కథలో కవిత్వమో రాస్తున్నవాళ్లు, లేదా రేపో మాపో మొదలుపెట్టబోతున్నవాళ్లు. తప్పు నాదే. కొన్నేళ్ల కింద ఒక పుస్తకావిష్కరణ అయిపోయాక తీసిన ఫోటోలో నా నోట్లో పైపు ఉంది. నేను రాసిన సమీక్షలు ఎంతమంది చదివారో తెలీదు గానీ, ఆ ఫోటో మాత్రం అందరూ చూశారు.

అందుకే ఒకసారి అందరికీ కలిపి చెప్పేస్తున్నా. కొంటే మక్కబెండు పైపు కొనండి. లేదంటే అసలు కొనకండి. ఈ రెండింటి మధ్యలో మీరు పెట్టే ప్రతి రూపాయీ పొగ కోసం కాదు, ఫోటో కోసం.

ముందు ఒక అబద్ధాన్ని పక్కకు పెడదాం. పైపు పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదని పైపు ప్రియులు చెప్తుంటారు. పొగ నోట్లో ఆగినా నికోటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి వెళ్తుంది. పెదవి, నాలుక, గొంతు క్యాన్సర్లకు మీరు పట్టుకున్నది పైపా చుట్టా అనే పట్టింపు లేదు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిట్లో ఏం చేస్తుందో డాక్టర్లు ఎప్పుడో రాసిపెట్టారు. నేనిక్కడ పొగ తాగమని చెప్పడం లేదు. ఎలాగూ కొంటాను అన్నవాడితో మాట్లాడుతున్నా.

ఇక నా మొదటి పైపు సంగతి. ఇంటర్నెట్‌లో కొన్నాను. మూడు వేల చిల్లర. నల్లగా, వంకరగా, మెరుస్తూ ఉంది. షెర్లాక్ హోమ్స్‌ది ఇలాంటిదే అనుకున్నా. నిజానికి కానన్ డాయిల్ కథల్లో హోమ్స్ తాగేది మట్టి పైపు, బ్రయర్ పైపు, చెర్రీ చెక్క పైపు. సొరకాయతో చేసే ఆ పెద్ద వంకర పైపు కథల్లో ఎక్కడా లేదు, నాటకాలూ సినిమాలూ తర్వాత అంటగట్టాయి. అంటే నేను కొన్నది ఒక పాత్ర పైపు కూడా కాదు, దాని పోస్టర్‌లోని పైపు.

మూడోసారి వెలిగించేసరికి లోపలి వార్నిష్ కాలిన వాసన. నాలుగోసారికి గిన్నె లోపల చెక్కే మాడడం మొదలైంది. అప్పుడు గానీ చదవలేదు. మంచి పైపుకు బ్రయర్ ఎందుకు వాడతారంటే, మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొదకు వేరూ కాండమూ కలిసే చోట ఒక గడ్డ ఊరుతుంది. దాన్ని కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెడతారు. దగ్గరగా అల్లుకున్న ఆ చెక్క వేడిని ఓర్చుకుంటుంది. ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లోద్ ఊరు 19వ శతాబ్దం నడుమ నుంచి దీని మీదే పేరు తెచ్చుకుంది. మనకు "హ్యాండ్‌మేడ్ ఉడెన్ పైప్" అని తక్కువలో అమ్మేవాటిలో చాలావాటికి ఈ కథతో సంబంధం లేదు. ఏదో ఒక చెక్క, దాని మీద వార్నిష్, పైన ఒక ఇత్తడి రింగు.

మొదటి పైపులో చూడాల్సినవి నిజానికి నాలుగే. గిన్నె లోపల రంగూ వార్నిష్ ఉండకూడదు. పొగ వచ్చే రంధ్రం గిన్నె అడుగుకు సరిగ్గా చేరాలి. ఎత్తులో ఉంటే అడుగున తడి పొగాకు మిగిలిపోతుంది. శుభ్రం చేసే పుల్ల నోటి కొస నుంచి గిన్నె దాకా అడ్డం లేకుండా పోవాలి. చేతిలో తేలికగా ఉండాలి. ఈ నాలుగిట్లో ఒక్కటీ ఫోటోలో కనిపించదు. ఫోటోలో కనిపించే వంకర, నునుపు, రింగు, పాలిష్ ఈ జాబితాలో లేవు. ఇంజనీరుగా నాకు ఇది ముందే తట్టాలి. స్పెక్ చదవకుండా స్క్రీన్‌షాట్ చూసి సాఫ్ట్‌వేర్ కొనే క్లయింట్లను ఎంతమందిని తిట్టుకున్నానో.

ఈ నాలుగూ అతి తక్కువ ధరలో తీర్చేది మక్కబెండు పైపు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో 1869 నుంచి వీటిని చేస్తున్నారు. హెన్రీ టిబ్బీ అని హాలండ్ నుంచి వలస వచ్చిన వడ్రంగి. ఒక రైతు ఆయన దగ్గరికి బెండు తెచ్చి, దీన్ని పైపులా తిప్పిపెట్టమన్నాడని అక్కడ కథ చెప్పుకుంటారు. బెండు పైన గుంటలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చే పద్ధతికి 1878లో పేటెంట్ వచ్చింది. మిస్సోరి మీర్‌షామ్ పేరుతో ఆ కంపెనీ ఇంకా నడుస్తోంది. మార్క్ ట్వేన్ తాగింది, జనరల్ మెకార్థర్ ఫోటోల్లో కనిపించేది, పొపాయ్ నోట్లో ఉండేది ఈ బెండే. అక్కడ దాని ధర పది డాలర్ల చుట్టూ. మన దాకా వచ్చేసరికి రవాణా, పన్నూ కలిసి పెరుగుతుంది. అయినా కొత్తగా నేర్చుకునేవాడు మాడ్చినా, పగలగొట్టినా ఏడవక్కర్లేదు. వార్నిష్ లేదు, తడిని తనే పీల్చుకుంటుంది, తూకం లేదు.

రెండో పైపుగా నేను దాన్నే తెప్పించుకున్నా. పన్నెండు వందలు పడింది. పోయిన దసరాకు కోహెడ వెళ్లినప్పుడు బ్యాగులో ఉంది.

మా ఊరు కోహెడ అంటే ఇప్పుడు సిద్దిపేట జిల్లా. 2016 దాకా కరీంనగర్. శనిగరం చెరువు కింద వరి, చెలకల్లో పత్తి, మక్క. దసరా నాటికి హుస్నాబాద్ రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉంటాయి. మా చిన్నాయిన ఇంటి ముందర మిషన్ పట్టిన తర్వాత మిగిలిన బెండ్ల కుప్ప నా నడుమెత్తు ఉంది. ఆ కుప్ప పక్కన మంచంలో కూర్చుని నేను పైపు తీశాను. చిన్నాయిన చూశాడు.

"గిదేందిరా?"

"పైపు చిన్నాయినా. పొగాకు తాగేది."

"దేనితోని జేశిండ్రు?"

"మక్కబెండుతోటి."

కొంచెం సేపు నా మొహం చూశాడు, తర్వాత కుప్ప చూశాడు. "ఎంత పడ్డది?"

చెప్పాను.

"బెండుకు పైసలు వెట్టినవారా? మేం పొయ్యిల వెడ్తున్నం గద. ట్రాక్టర్ నిండ ఉన్నయి, హైదరాబాద్‌ల అమ్ముకో పో."

మన బెండు వేరు, వాళ్లది వేరు అని వివరించబోయాను. మనం గింజ కోసం వేసే హైబ్రిడ్లకు బెండు సన్నం. వాళ్లు లావు బెండు వచ్చే రకం ప్రత్యేకంగా పండించి, ఏళ్లకేళ్లు ఎండబెట్టి వాడతారు. ఆయన వినలేదు. పైపు అందుకుని, తన సంచిలోని పొగాకు నలిపి నింపి, అంటించాడు. నాలుగు దమ్ములు లాగాడు. ఆరిపోయింది. మళ్లీ అంటించాడు. మళ్లీ ఆరింది. నింపడంలో, నొక్కడంలో ఒక పద్ధతి ఉందని, నెమ్మదిగా తాగితే ముప్పావు గంట వస్తుందని చెప్పాను.

"పొగ సల్లగనే ఉన్నది," అని పైపు నా చేతిలో పెట్టాడు. "గని ఇది పని లేనోని సుట్టరా."

పైపుల మీద ఇంగ్లీషులో నేను చాలా సమీక్షలే చదివాను. ఈ ఒక్క వాక్యానికి ఏదీ సాటి రాదు.

ఎందుకంటే పొగ తేడా అసలు సమయం తేడా. బీడీ నాలుగైదు నిమిషాల వస్తువు. నాటుకూ నాటుకూ మధ్య, లారీ లోడుకూ లోడుకూ మధ్య సరిగ్గా పట్టేంత. మా తాత కాల్చిన మోతుకాకు చుట్ట సగం కాల్చి, ఆర్పి, చెవి మీద పెట్టుకుని, పని అయ్యాక మళ్లీ అంటించుకునేంత. పైపుకు మాత్రం ముప్పావు గంట ఖాళీ కావాలి, కూర్చునే కుర్చీ కావాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మూడింటిలో ఉండేదీ పొగాకే. పైపు డబ్బాల మీద ఘనంగా రాసుకునే వర్జీనియా రకం మన ప్రకాశం జిల్లా బ్యారన్లలో కూడా ఎండుతుంది. పొగాకు బోర్డు ఆఫీసు గుంటూరులోనే ఉంది. అయినా సాహిత్యంలోకి వచ్చేసరికి ఏం చేశాం? పైపును అభిరుచి అన్నాం, చుట్టను అలవాటు అన్నాం, బీడీని రోగం అన్నాం.

నేనూ అన్నాను. ఒక కథను సమీక్షిస్తూ అందులో పైపు తాగే ప్రొఫెసర్ గురించి "తాత్విక ఏకాంతం" అని రాశాను. అదే వ్యాసంలో బీడీ తాగే కూలీ గురించి "దారిద్ర్య చిహ్నం" అన్నాను. ఇద్దరూ చేస్తున్నది ఒకటే పని. సాయంత్రం పూట, ఎవరితో మాట్లాడకుండా, పొగ వదులుతూ ఆలోచిస్తున్నారు. కూలీకి ఏకాంతం ఎందుకు ఇవ్వలేకపోయాను? ఆ రచయిత ఇచ్చాడు. నేనే తీసేసుకున్నాను.

ఆ ఫోటో తీసిన రోజు కూడా అంతే. మీటింగు హాలు మెట్ల మీద నేను పైపు అంటించుకుంటుంటే, పక్కనే ఉన్న వాచ్‌మన్ నన్ను చూసి తన బీడీ గబుక్కున ఆర్పేశాడు. 2003 చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు బహిరంగ ప్రదేశంలో మా ఇద్దరికీ ఒకే జరిమానా రాస్తాయి. తప్పు చేస్తున్నట్టు ఆయనకే అనిపించింది. నన్ను మాత్రం ఎవరో ఫోటో తీశారు.

ఇది కొత్త జబ్బేం కాదు. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి నేర్పిన అసలు చదువేంటో గుర్తు చేసుకోండి. ఇంగ్లీషు మాటలూ, చుట్ట కాల్చడమూ. గురజాడ ఆ నాటకం రాసి వందేళ్లు దాటినా గిరీశాలు తగ్గలేదు. చుట్ట స్థానంలో పైపు వచ్చింది, బండి చక్రాలంత ఇంగ్లీషు స్థానంలో "బిగినర్స్ గైడ్" వచ్చింది. వెంకటేశాలం మాత్రం మనమే.

ఇప్పుడు మీరు అనబోయేది తెలుసు. "వస్తువుకు అందం ఉండకూడదా? హస్తకళను ఇష్టపడడం తప్పా?" కాదు. బ్రయర్ గడ్డలోని రేకల్ని చూసి, వాటి దారి పట్టి పైపు తొలిచే పనివాడు కళాకారుడే. కానీ ఆ రేకలు కనిపించాలంటే ముందు పొగాకు ఎంత నొక్కాలో, ఎప్పుడు నాలుక మండుతుందో, గిన్నె ఎంత వేడెక్కితే ఆపాలో చేతికి తెలియాలి. అది బెండు నేర్పుతుంది. ఏడాది బెండుతో గడిపాక కూడా మీకు బ్రయర్ కావాలనిపిస్తే, అప్పుడు అది అభిరుచి. మొదటి రోజే అనిపిస్తే అది కాస్ట్యూమ్. రాయడం కూడా ఇంతేనని చెప్పాలనుంది. చెప్పను, మళ్లీ గిరీశాన్నవుతాను.

ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. దుబ్బాకలో మా మేనత్త బీడీలు చుట్టేది. తునికాకు రాత్రే తడిపి, పొద్దున కత్తెరతో ముక్కలు కత్తిరించి, ఒడిలో చాట పెట్టుకుని కూర్చునేది. జర్దా పోయడం, చుట్టడం, దారం కట్టడం, కొస మడవడం. కూలీ వెయ్యికి ఇంత అని లెక్క. బాగా రానివి కార్ఖానాలో పక్కకు పడేసేవాళ్లు, వాటికి పైసలు లేవు. నా ఇంజనీరింగ్ రెండో ఏడు హాస్టల్ ఫీజులో కొంత ఆ వెయ్యిల నుంచి వచ్చింది. ఇప్పుడు చేతులు సహకరించక మానేసింది. 2019 నుంచి బీడీ కార్మికులకు ప్రభుత్వం ఇస్తున్న 2,016 రూపాయల పింఛను ఆమెకు వస్తుంది. జీవితంలో ఒక్క బీడీ కూడా తాగలేదు. దగ్గు మాత్రం ఉంది.

నా మొదటి పైపు ధర ఆ పింఛను కంటే ఎక్కువ. ఇది తెలిసిన రోజు నేను పైపు పారేయలేదు. అంత మంచివాణ్ని కాదు. డ్రాయర్‌లో పెట్టాను, ఇంకా అక్కడే ఉంది. బెండు పైపు మాత్రం దసరా తర్వాత కోహెడలోనే వదిలేసి వచ్చాను. చిన్నాయిన తాగడం లేదట. వాళ్ల మనవడు దాంతో ఆడుకుంటున్నాడని మొన్న ఫోన్‌లో చెప్పాడు.

కాబట్టి తమ్ముడూ, చెల్లే, రెండు మూడు వేల బడ్జెట్ అన్నారు కదా. వెయ్యి, పన్నెండు వందల్లో బెండు పైపు వస్తుంది. మిగిలినవి దాచుకోండి. కొనే ముందు మాత్రం ఒక పని చేయండి. మీ కథల్లో, కవితల్లో ఇప్పటిదాకా ఎవరెవరు బీడీ కాల్చారో వెతకండి. వాళ్లు పొగ వదులుతున్నప్పుడు ఏం ఆలోచిస్తున్నారో మీరు రాశారా, లేక దగ్గించి వదిలేశారా చూడండి. దగ్గించి ఉంటే ముందు ఆ పేజీ తిరగరాయండి. పైపు సంగతి తర్వాత చూద్దాం.