అడిగిన ప్రశ్నయే మరల నడుగుట

వేసవి మధ్యాహ్నములందు స్త్రీలు అరుగులపై గూడి పాతచీరలతో బొంతలు కుట్టుట మన కోనసీమ గ్రామములలో చిరకాలముగా నున్న యలవాటు. అంగడి దుప్పట్లు వచ్చిన పిమ్మట దాని యవసరము తగ్గినది; అయినను వేడుకకై కుట్టువారును, నేర్వగోరు బాలికలును నేటికిని గలరు. క్రొత్తగా వచ్చినవారు అడుగు ప్రశ్నలు మూడు నాలుగే. ఏ చీర పనికివచ్చును? ముందుగా ఉతుకవలెనా? నడిమినుండి కుట్టవలెనా, అంచునుండియా? వీనిని విని విని విసిగిన పెద్దలు కొందరు “మరల నదేనా?” యని త్రోసిపుచ్చుచుందురు. ఇది తగదని మా యభిప్రాయము.

మొదటి ప్రశ్ననే చూతము. ఏ పాతచీరయైనను బొంతకు పనికివచ్చునని మన అవ్వలు చెప్పిన మాట వారి కాలమునకు సరియే. ఏలయన నాటి సామాన్యుల యిండ్లలోనివి చాలవరకు నూలుచీరలే. అమలాపురమునకు చేరువనున్న బండారులంకలో నేటికిని అట్టివి నేయుచున్నారు. కట్టి, ఉతికి, మెత్తబడిన నూలుచీర చెమటను పీల్చును, సూదికి లొంగును. నేడు పెట్టె తెరచినచో పాలియెస్టరు చీరలు పెక్కులు కానవచ్చును. అవి చెమటను చక్కగా పీల్చవు. పొరల నడుమ జారును. నిప్పు సోకినచో కరగి చర్మమున కంటుకొనును. పసిబిడ్డల బొంతకు అవి తగవు. ప్రశ్న మారలేదుగాని బట్ట మారినది. తెలియని బాలిక యడిగినప్పుడే తెలిసినవారు చీరను చేతబట్టి మరల పరీక్షింతురు.

ఇక ఉతుకుటనుగూర్చి. క్రొత్త నూలుబట్ట మొదటి యుతుకులో కుంచించుకొనును. పలుమారులుతికిన పాతచీర యిక నంతగా కుంచించుకొనదు. రెంటిని అట్లే కలిపి కుట్టినచో, పిదప నీట ముంచిననాడు బొంత ముడుతలు పడును, కుట్లు లాగుకొనిపోవును. పాతబట్టకు క్రొత్తగుడ్డ మాసిక వేయరాదను సువార్త యుపమానమునకు ఆధారము ఈ యనుభవమే. ఆ యుపమానమును చిన్ననాటినుండి వినినవారిలో ఎందరు దాని కారణమును చెప్పగలరు? వినుట వేరు, ఎరుగుట వేరు. ఆ రెంటి నడుమ వంతెన ప్రశ్నయే.

మూడవదానియందు పెద్దలలోనే భేదము గలదు. నాలుగంచులను ముందు బిగించినచో వదులెల్ల నడుమ చేరి యుబ్బును. నడిమినుండి వెలుపలికి కుట్టుకొనిపోయినచో ఆ వదులు అంచులకు పోవును. అట్లయిన అంచునుండి కుట్టు పెద్దమ్మల బొంతలేల చెడకున్నవి? వారు పొరలను సాగదీసి, మూలలయందు బరువులుంచి, దూరదూరముగా కచ్చాకుట్లు వేసికొందురు గనుక. అలవాటుచేత ఆ మెట్టును వేరుగ చెప్పుట మరతురు. “ఏల?” యని యొకతె యడుగువరకు అది వెలికిరాదు. కనుక ప్రశ్నవలన లాభము అడిగినదానికి మాత్రమే కాదు, చెప్పినవారికిని గలదు.

ఒకమారు వ్రాసి గోడకు తగిలించిన చాలదా యని కొందరందురు. వ్రాయుట మంచిదే. కాని కాగితము ఎదుటనున్న చీరను తడవి చూడలేదు. అది నేతయో, మిల్లుబట్టయో, రంగు దిగునో దిగదో చెప్పజాలదు. అయితే ఒక నియమము మాత్ర ముండవలెను. సూది పట్టకయే పదిమారులడుగుట సోమరితనము. ఒక వరుస కుట్టి, చెడినచోట చూపి యడుగుట విద్య.

ఇది చిన్న సంగతి యనరాదు. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలవలన నరసాపుర ప్రాంతమున ప్రవేశించిన లేసుపని వసిష్ఠ గోదావరిని దాటి మన రాజోలు ప్రాంతపు గ్రామములకును వ్యాపించినది. దానికి 2024 లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు పేరును కాపాడును. చేతిపనిని కాపాడునది మాత్రము నేర్చు చేయి, నేర్పు చేయి. బొంతకు అట్టి పేరును లేదు, కొను వర్తకుడును లేడు. “మరల నదేనా?” యను నొక్క మాటకు చిన్నబోయి బాలిక యింటికి మరలినచో, ఆ యరుగుపై మరుసటి వేసవికి కుట్టువారు ఒకరు తగ్గుదురు. ఇట్లే కొన్ని వేసవులు గడచిన పిదప అడుగువారును చెప్పువారును ఉండరు.

కావున తల్లులారా, మీ యమ్మాయి యడిగినప్పుడు పెట్టె తెరచి చీరలను ఆమె చేతికిండు. విద్యార్థినులారా, అడుగుటకు సిగ్గుపడకుడు. కాని సూదిని చేతబట్టి యడుగుడు. తరగతిలో ఏటేట ఒకే లెక్కను చెప్పు ఉపాధ్యాయులమైన మాకును ఈ మాట వర్తించును. లెక్క మాకు పాతదే; ఎదుట కూర్చున్న బిడ్డకు అది నేడే క్రొత్త.