రబ్బరుకీ ఓ వంటకం ఉంది!

అక్కయ్యలూ, చెల్లాయిలూ! ఈ వారం ఓ చిన్న పని చేయండి. మీ ఇంట్లో రబ్బరు వస్తువులు ఎన్నున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. కుక్కరు మూతలో గాస్కెట్టు, గ్యాసు పొయ్యి ట్యూబు, కుళాయిలో వాషరు, నడుంనొప్పికి పెట్టుకునే వేడినీళ్ళ సంచి, కాళ్ళకి చెప్పులు, పిల్లలు పెన్సిలు రాత తుడిచే రబ్బరు, పప్పు పొట్లానికి వేసే రబ్బరు బ్యాండు, వాకిట్లో స్కూటరు టైర్లు... రెండు చేతుల వేళ్ళూ చాలవు.

“అన్నీ రబ్బరే కదా, ఇందులో చెప్పుకోవడానికేముంది?” అంటారేమో. కిటుకంతా అక్కడే ఉంది. మైదాపిండి ఒకటే అయినా పూరీ వేరు, కాజా వేరు, కేకు వేరు. నెయ్యి ఎంత పోశాం, సోడా ఎంత వేశాం అన్నదాన్ని బట్టి కదా రుచీ, గుణమూ మారేది? రబ్బరూ అంతే. అందులో ఏం కలిపారో, ఎంత కలిపారో దాన్ని బట్టే అది సాగుతుందా, గట్టిగా ఉంటుందా, వేడికి ఓర్చుకుంటుందా అన్నది తేలుతుంది. ఈ సంగతి తెలిస్తే ఒకచోటి రబ్బరు మరోచోట వాడకూడదని మనకే అర్థమవుతుంది. వంటింట్లో ఇది డబ్బుల సంగతి మాత్రమే కాదు, ప్రాణాల సంగతి కూడా.

ముందుగా అసలు సరుకు. రబ్బరు చెట్టు బెరడు మీద గాటు పెడితే పాలు కారతాయి. మన దేశంలో ఈ తోటలు ఎక్కువగా కేరళలో ఉన్నాయి. రబ్బరు బోర్డు ఆఫీసు కూడా అక్కడి కొట్టాయంలోనే ఉంది. మనం నిమ్మరసం పిండి పాలు విరగ్గొట్టి పన్నీరు చేసినట్టే, వాళ్ళు ఆ పాలల్లో కొంచెం యాసిడ్ వేసి గడ్డ కట్టిస్తారు. దాన్ని చపాతీలా పల్చగా ఒత్తి, పొగగదిలో ఆరబెడతారు. అదే పచ్చి రబ్బరు. కానీ పచ్చి పిండిని తినలేనట్టే పచ్చి రబ్బరునీ అలాగే వాడలేం. ఎండకి జిగటగా అంటుకుంటుంది, చలికి బిర్రుగా అయిపోతుంది.

దీనికి మందు 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు జిగట పోయి, సాగి మళ్ళీ యథాస్థితికి వస్తుందని తెలిసింది. మామూలు మెత్తని వస్తువుకైతే 100 పాళ్ళ రబ్బరుకి 2, 3 పాళ్ళ గంధకం చాలు. అదే 30 పాళ్ళ దాకా వేసి ఎక్కువసేపు ఉడికిస్తే సాగడమన్నదే ఉండదు, కొయ్యలా గట్టిపడుతుంది. దాన్ని ఎబొనైట్ అంటారు. స్వదేశీ ఉద్యమం నాటి నుంచి పేరున్న మన రాజమండ్రి రత్నం పెన్నులు ఈ ఎబొనైట్‌తోనే చేస్తారు. ఇంట్లో పాత పెన్ను ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. అది కూడా రబ్బరేనంటే ఎవరు నమ్ముతారు చెప్పండి!

గంధకం ఒక్కటే వేస్తే ఉడకడానికి గంటలు పడుతుంది. అందుకని జింక్ ఆక్సైడు అనే తెల్లపొడి ఓ 5 పాళ్ళు, కొవ్వుల నుంచి తీసే స్టియరిక్ యాసిడ్ 1, 2 పాళ్ళు, పని త్వరగా కావడానికి యాక్సిలరేటర్ అనే మందు చిటికెడు వేస్తారు. పాలల్లో తోడు లాంటివన్నమాట. చిన్న మోతాదే, పని పెద్దది. స్పాంజిలా గుల్లగా రావాలంటే ఏం కలుపుతారో తెలుసా? మన వంటసోడా! వేడికి సోడాలోంచి గాలి పుట్టి బుడగలు బుడగలుగా పొంగుతుంది, అచ్చం కేకులాగే. ఇప్పుడు దానికి వేరే మందులు కూడా వచ్చాయి.

ఇక అసలు సంగతి, ఫిల్లర్లు. అంటే రబ్బరులో కలిపే పొడులు. ఇవి రెండు రకాలు. బజ్జీల పిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలిపితే బజ్జీలు కరకరలాడతాయి కదా, అది గుణం పెంచే కలపడం. కాస్త పప్పులో సొరకాయ ముక్కలు దండిగా వేసి పదిమందికి సరిపెట్టడం ఉందే, అది సరిపెట్టే కలపడం. రబ్బరులోనూ ఇంతే.

మొదటి రకంలో పెద్దది కార్బన్ బ్లాక్. అంటే నూనెని సగం సగంగా మండించి పట్టే మసి. ఆముదం దీపం మీద కాటుక పట్టినట్టే అనుకోండి. మొదట్లో టైర్లు తెల్లగా, బూడిదరంగుగా ఉండేవి, తొందరగా అరిగిపోయేవి. 1900 తర్వాత ఈ మసి కలిపి చూస్తే రబ్బరుకి బలం వచ్చింది, అరుగుదల బాగా తగ్గింది. ఇప్పుడు స్కూటరు టైరు రబ్బరులో సుమారు నాలుగోవంతు ఈ మసే. టైరు నల్లగా ఉండేది అందం కోసం కాదన్నమాట. ఎండ నుంచి కాపాడేదీ అదే.

రెండో రకం సుద్దపొడి, చైనా క్లే అనే తెల్లమట్టి. ఇవి మితంగా వేస్తే తప్పు లేదు. వస్తువు గట్టిగా, ఆకారం చెడకుండా ఉంటుంది, ధర తగ్గుతుంది. మితిమీరితేనే చిక్కు. సాగడం తగ్గి, బరువు పెరిగి, నాలుగు రోజులకే పుటుక్కున తెగుతుంది. ఇంట్లోనే చిన్న పరీక్ష చేసి చూడండి. తేనెరంగు రబ్బరు బ్యాండు ఒకటి, దళసరిగా పాలిపోయినట్టుండే చవకరకం ఒకటి తీసుకుని, తడిపి, బుడగలు తుడిచి, గిన్నెడు నీళ్ళలో వేయండి. రబ్బరు నీటికంటే తేలిక కాబట్టి మొదటిది తేలుతుంది. సుద్దపొడి నీటికంటే రెండున్నర రెట్లు పైగా బరువు కాబట్టి రెండోది మునుగుతుంది. అయితే మునిగిందల్లా చెడ్డదనుకోకండి. మసి కలిపిన టైరు ముక్కా మునుగుతుంది. కొత్తగా వస్తున్న ప్లాస్టిక్ బ్యాండ్ల సంగతి వేరు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. కుక్కరు గాస్కెట్టు ఆవిరికీ, వేడికీ ఓర్చుకోవాలి, తిండికి హాని చేసే మందులు అందులో ఉండకూడదు. ఇంకో సంగతి వినండి. చాలా కుక్కర్లలో వెయిట్ దారి మూసుకుపోతే, గాస్కెట్టు మూత పక్కనున్న సందులోంచి బయటికి జారి ఆవిరిని వదిలేస్తుంది. అంటే అది ఆవిరి ఆపే రబ్బరే కాదు, మనకి కాపలా కూడా. అలాంటిచోట ఏదో బండ రబ్బరు పెడితే జారాల్సిన వేళ జారదు. అందుకని ఏ కంపెనీ కుక్కరుకి ఆ కంపెనీ గాస్కెట్టే, సరైన సైజే కొనండి. పది రూపాయలు తక్కువని రోడ్డుపక్క పేరులేనిది కొనకండి. కుక్కర్లకి ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 నుంచి తప్పనిసరి, కొనేముందు చూసుకోండి. గాస్కెట్టు గట్టిపడినా, పగుళ్ళు కనిపించినా, మూత పక్కల ఆవిరి పోతున్నా వెంటనే మార్చేయండి.

గ్యాసు ట్యూబు కథ ఇంకోటి. కిరసనాయిలు, పెట్రోలు, వంటగ్యాసు – ఇవన్నీ మామూలు రబ్బరుని ఉబ్బించి బలహీనం చేస్తాయి. ఎన్ని పొడులు కలిపినా ఆ గుణం పోదు. అందుకే గ్యాసు ట్యూబు లోపలి పొర నైట్రైల్ అనే వేరే రబ్బరుతో చేస్తారు. మధ్యలో ఉక్కుతీగ అల్లిక ఉంటుంది. కాబట్టి తోటకి నీళ్ళు పెట్టే పైపు ముక్క కోసి పొయ్యికి తగిలించడం ఎవరింట్లోనూ జరక్కూడదు. ఒక్క రోజుకైనా సరే! ఐ.ఎస్.ఐ. గుర్తున్న ట్యూబే వాడండి. ఐదేళ్ళకి మార్చేయండి, దాని మీద తేదీ ఉంటుంది. అందంగా ఉందని గుడ్డ తొడుగు వేయకండి, పగిలినా కనపడదు. లీకు చూడాలంటే సబ్బునురగ రాయండి, అగ్గిపుల్ల వద్దే వద్దు.

మరికొన్ని చిట్కాలు, కత్తిరించి దాచుకోండి:

• రబ్బరులో గంధకం ఉంటుంది కాబట్టి వెండి సామాను రబ్బరు బ్యాండుతో కట్టకండి, నల్లబడుతుంది.

• రాగి తగిలితే రబ్బరే పాడై జిగటగా అవుతుంది. రాగి చెంబులకీ రబ్బరు దూరం.

• వేడినీళ్ళ సంచిలో సలసల కాగే నీళ్ళు పోయకండి. వాడాక నీళ్ళు వంచేసి, ఆరబెట్టి, మడత పెట్టకుండా నీడలో ఉంచండి.

• ఎక్కువకాలం మన్నాలని రబ్బరులో కొన్ని మందులు, మైనం కలుపుతారు. అయినా లాగి కట్టి ఎండలో వదిలేస్తే అవి కూడా కాపాడలేవు, పగుళ్ళు వచ్చేస్తాయి.

సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు ఒక్కసారి ట్యూబు మీద తేదీ చూడండి. గడువు దాటిందా, రేపటికి వాయిదా వేయకుండా మార్పించండి. వచ్చేవారం మరో ముచ్చటతో కలుద్దాం. అందాకా సెలవు!