హత్య లేని హంతకులు

రేడియో నాటకంలో ముఖాలుండవు. తలుపు కిర్రుమంటుంది, అడుగుల చప్పుడు దగ్గరవుతుంది, ఒక గొంతు పలుకుతుంది. ఆ గొంతును బట్టే శ్రోత మనిషిని ఊహించుకుంటాడు. అది హత్యా నాటకమైతే అనుమానితుణ్ణి కూడా గొంతుతోనే పోల్చుకుంటాడు. ఈ సౌలభ్యాన్ని మన నాటకమూ సినిమా చాలాకాలంగా వాడుకుంటున్నాయి. ‘నాకీ, నీకీ’ అంటూ లింగ వచనాలు తప్పే ‘సాయిబు తెలుగు’ రెండు ముక్కలు వినిపిస్తే చాలు. నవ్వాలో, అనుమానించాలో సన్నివేశమే చెబుతుంది.

ఆ తెలుగు ఎవరిదో అనంతపురం సీమలో బతుకుతున్న మనకు తెలియదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకు కూడా భరోసా లేని ఈ నేలమీద, వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే రైతుల్లో మనవాళ్లూ ఉన్నారు. దూదేకుల ఇళ్లలో తల్లి జోలపాట తెలుగే. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే కదిరి, తాడిపత్రి కుటుంబాలవారు కూడా బజారులో ‘ఏమప్పా’ అనే పలకరిస్తారు. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కే జనంలో హిందువెవరో ముస్లిమెవరో కళ్లు మూసుకొని గొంతు విని చెప్పడం ఎవరి తరం? బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్ గొంతు తెలుగు గొంతు కాదని అనగల రచయిత ఉన్నాడా?

క్రీడారంగంలో హత్యను ఇతివృత్తంగా తీసుకొని రేడియో నాటకం రాయాలనుకునేవారు కథ కోసం వెతకనక్కరలేదు. 2007లో ప్రపంచమంతా అలాంటి నాటకాన్ని మూడు నెలలపాటు విన్నది. మార్చి 17న జమైకాలోని కింగ్‌స్టన్‌లో పాకిస్తాన్ క్రికెట్ జట్టు ఐర్లాండ్ చేతిలో ఓడింది. మరునాడు ఆ జట్టు కోచ్ బాబ్ ఊల్మర్ హోటల్ గదిలో కుప్పకూలి మరణించాడు. 22న పోలీసులు అది గొంతు నులిమి చేసిన హత్య అని ప్రకటించారు. క్రీడాకారుల వేలిముద్రలు తీసుకున్నారు, డీఎన్‌ఏ నమూనాలు తీసుకున్నారు. కెప్టెన్ ఇంజమామ్, సహాయ కోచ్ ముష్తాక్ అహ్మద్, మేనేజర్ తలత్ అలీలను దేశం విడిచే ముందు మళ్లీ ప్రశ్నించారు. ఆటగాళ్ల నమాజులూ గడ్డాలూ కొందరు విలేకరులకు సాక్ష్యాధారాలుగా కనిపించాయి. ఓడిపోయిన జట్టు కన్నీళ్లు పెట్టుకున్నా అది నటనే అనిపించే రోజులవి.

జూన్ 12న అవే పోలీసులు ఆయనది సహజ మరణమని చెప్పారు. గొంతు నులిమారన్న శవపరీక్ష ఫలితాన్ని ఇతర దేశాల నిపుణులు తోసిపుచ్చారు. నవంబరులో విచారణ జ్యూరీ మరణ కారణాన్ని తేల్చలేదు. హత్య అని మాత్రం అనలేదు. హంతకుల కోసం తొలిపేజీలు కేటాయించిన పత్రికల్లో, హత్యే జరగలేదన్న వార్తకు అంత చోటు ఎన్నింట దొరికింది?

అదే ఏడాది, అదే అనుమానపు కాలంలో, మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవారు చనిపోయారు. పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం యువకులనే. వారు నిర్దోషులని కోర్టుల్లో తేలింది. ప్రభుత్వమే పరిహారమూ, సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. 2013లో ఆ పరిహారాన్ని హైకోర్టు రద్దు చేసింది. తర్వాత వేరొకరిపై సాగిన కేసులో 2018 ఏప్రిల్‌లో అందరూ విడుదలయ్యారు. కింగ్‌స్టన్‌లో హత్య లేకుండానే హంతకులు దొరికారు. హైదరాబాద్‌లో హత్యలు జరిగాయి, హంతకులే లేరు. రెండు చోట్లా ముందుగా అనుమానం వాలింది మాత్రం ఒకే రకం పేర్ల మీద.

అపరాధ పరిశోధన కథకు ఒక ధర్మముంది. చివరి ఘట్టంలో పరిశోధకుడు అందరినీ కూర్చోబెట్టి, నిర్దోషులను పేరుపేరునా విడిపిస్తాడు. మన జీవితాల్లో ఆ ఘట్టం ప్రసారం కాదు. 2021 అక్టోబరులో భారత్ పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడితే, పదకొండుమందిలో మహమ్మద్ షమీ ఒక్కడే దేశభక్తి నిరూపించుకోవలసి వచ్చింది. కోహ్లీ అతనికి అండగా నిలిచాడు, మంచిదే. కానీ ఆ అండ అవసరమయ్యేది ఎప్పుడూ షమీలకే ఎందుకు?

అనంతపురంలో ఆకాశవాణి కేంద్రముంది. ఆర్డీటీ క్రీడాగ్రామంలో పల్లెపిల్లలు ఆడుకునే మైదానాలున్నాయి. నాటకానికి ఇంతకంటే రంగస్థలం ఏం కావాలి? అందులో అనుమానితుడు ముస్లిం ఆటగాడైనా మాకు అభ్యంతరం లేదు. అనుమానం వాస్తవంగా పడుతున్నది కనుక నాటకంలోనూ పడనివ్వండి. మేము అడిగేవి రెండే. మొదటి అంకంలో అతణ్ణి అనుమానించిన గొంతులే, అంతే బిగ్గరగా, అంతే సేపు, చివరి అంకంలో అతని నిర్దోషిత్వాన్ని పలకాలి. ఇక ఆ పాత్రకు గొంతునిచ్చేవాడు గుత్తి నుంచో కదిరి నుంచో రావాలి, ఇంట్లోనూ బజారులోనూ తాను మాట్లాడే తెలుగే మైకు ముందు కూడా మాట్లాడాలి.