మకాన్లు ఉన్నాయి, మనుషులేరీ?

మా ఉర్దూ స్కూల్లో షత్రంజ్ ఆడి పెరిగినవాణ్ని. జంగ్ ఆటల షౌక్‌ని నేనేం తప్పుపట్టను. 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సిపాయిలతో ఆడే కాయిదాలన్నీ రాసి ‘లిటిల్ వార్స్’ అనే కితాబ్ వేశాడు. ఈ ఆట ఆడితే అసలు జంగ్ ఎంత బేవకూఫీయో తెలుస్తుందని ఆయన దావా. మరుసటి ఏడే యూరప్ ఖూన్‌లో మునిగింది. సరే, జంగ్ ఆపడం ఆట పని కాదు.

నా షికాయత్ వేరే. ఇవాళ 28 మిల్లీమీటర్ల బొమ్మలతో ఇరాక్ తరహా గల్లీల్లో ఖయాలీ పోరాటాలు ఆడుతున్నారు. మేజా మీద పేర్చుకోడానికి చదును కప్పుల ‘మిడిల్ ఈస్ట్’ ఇళ్లు డబ్బాల్లో అమ్ముతారు. ముందే కూలినవి కూడా దొరుకుతాయి. ట్యాంకు మీది మట్టిమరకను గంటలకొద్దీ బ్రష్‌తో దిద్దుతారు. బహుత్ ఖూబ్! మరి ఆ మకాన్‌లో రొట్టెలు కాల్చే అమ్మీ ఏది? మందులు తేను వెళ్లిన అబ్బా ఏడి? తలకు రుమాలు చుట్టినవాడి చేతిలో బందూక్ ఉండి తీరాలా?

మామూలు జనం అడ్డొస్తే ఆటలో మజా పోతుందట. జనాబ్, జంగ్ అంటేనే వాళ్లు మధ్యలో ఉండటం. తుపాకీ మోడల్ ఒక్క ఏడాది తేడా వస్తే కొట్లాడే మీకు, మొత్తం మొహల్లా గాయబ్ అయితే కనపడదా?

ఆట మానమనను. పావుల్లో ఒక తల్లినీ, ఒక స్కూలు పిల్లనీ పెట్టండి. వాళ్లకు దెబ్బ తగిలితే, పాచిక ఎంత పడినా కొట్టినవాడు ఓడినట్టేనని కాయిదా రాయండి. అప్పుడు గెలిచి చూపించండి.