పశువుకు వేసే సూది, గుట్ట మీది రాబందు

రైతు నెత్తురు పీల్చే వడ్డీ వ్యాపారిని మనం రాబందు అంటాం. ఆ పోలిక పక్షికే అవమానం. రాబందు బతికున్న పశువు జోలికి పోదు. ఊరవతల పడేసిన కళేబరాన్ని తిని, రోగాలు పాకకుండా మనల్ని కాపాడుతుంది.

1990ల నుంచి పదిహేనేళ్లలోనే దేశంలో మూడు రకాల రాబందులు నూటికి 95కు పైగా పోయాయి. పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ దీనికి కారణమని 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. సూది వేసిన కొద్ది రోజుల్లో పశువు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి ప్రాణం పోతుంది.

కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనబడ్డాయి. ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. గూడు గుట్ట మీద ఉన్నా తిండి మన ఊళ్లలోనే. కాబట్టి గుట్టకు కాపలా పెడితే సరిపోదు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. కానీ ఎద్దు పడిపోయిన రాత్రి రైతు దొరికిన మందే వేయిస్తాడు. అందుకే రాబందుకు హాని చేయని మెలాక్సికామ్‌ను ప్రతి పశువుల ఆసుపత్రిలో ఉచితంగా ఇవ్వాలని, నిషేధిత మందుల అమ్మకాన్ని అరికట్టాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం.

మన వంతుగా మెలాక్సికామ్‌నే అడిగి వేయిద్దాం. వేరే నొప్పి సూది పడిన పశువు చనిపోతే పూడ్చిపెడదాం.