ఆ రాత్రి మేం పడుకున్నది ఎవరి నీళ్ళమీద?

ముందుగా ఒక సంగతి తేల్చేసుకుందాం. పోయిన జనవరిలో అలెప్పీలో మూడు రోజుల సదస్సు ముగిశాక నేనూ, అక్కడే పరిచయమైన మరో అయిదుగురు స్త్రీలూ ఒక రాత్రి హౌస్‌బోటులో గడిపాం. తిరిగొచ్చాక ఒక మగమిత్రుడు "ఉద్యమాల్లో ఉన్నవాళ్ళకి ఈ షికార్లేమిటండీ?" అన్నాడు. ఆయన ఏటా స్నేహితులతో గోవా వెళ్ళొస్తాడు. అది షికారు కాదట, మనసు తేలికపరచుకోవడమట! యాభై దాటిన నేను భర్త, కొడుకు, అన్న ఎవరూ వెంటలేకుండా, ఎవరి జబ్బుకో పురుటికో కాకుండా, ఉత్తినే ఇంటి బయట గడిపిన రాత్రుళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మనలో చాలామందికి ఆ లెక్కకి ఒక చెయ్యి చాలు. విశ్రాంతి మన హక్కు. చీకటి పడ్డాక ఆకాశం చూస్తూ కూర్చోవడం మన హక్కు. దానికి నేను ఎవరికీ క్షమాపణ చెప్పను. చెప్పాల్సింది ఇంకొకటుంది.

మా సదస్సు దేనిమీద అనుకున్నారు? స్త్రీలు, నీటి హక్కులు. నవ్వకండి. ఏ ఊళ్ళో ఎవరు ఎన్ని బిందెలు, ఎంత దూరం మోస్తున్నారో మూడు రోజులపాటు చార్టులమీద స్కెచ్ పెన్నులతో రాశాం. ఆఖరి సాయంత్రం నిర్వాహకులు మమ్మల్ని జట్లుగా విడదీసి పడవలెక్కించారు. మా జట్టులో నర్మద లోయ నుంచి ఒకామె, నాగపట్నం తీరం నుంచి ఒకామె, ఒడిశా నుంచి ఒకామె, మణిపూర్ నుంచి ఒకామె. అయిదో ఆమె ఆ నీళ్ళ ఒడ్డునే పుట్టిన కుట్టనాడు పిల్ల, అందరిలోకీ చిన్నది. ఆరోదాన్ని నేను, ఏలూరు నుంచి. అరకొర హిందీ, అరకొర ఇంగ్లీషు, మిగతాది చేతులతో.

ఆ పడవని వాళ్ళు కెట్టువళ్ళం అంటారు. కట్టిన పడవ అని అర్థం. అంజిలి చెక్కల్ని మేకు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి, జీడిపెంకు నూనె పట్టిస్తారు. ఆ తాళ్ళ వెనక తరతరాలుగా పీచు వడికిన ఆడకూలీల చేతులున్నాయి. ఒకప్పుడు ఈ పడవలు కుట్టనాడు వడ్లని కొచ్చికి మోసేవి. రోడ్లూ లారీలూ వచ్చి మూలపడ్డాయి. 1990లలో వాటిమీద గదులు కట్టి, పరుపులు వేసి, యాత్రికులకి అద్దెకివ్వడం మొదలైంది. వడ్ల బస్తాల చోట ఇప్పుడు మనం.

వంట చేసింది మగవాళ్ళు. వడ్డించిందీ, ఎంగిలి కంచాలు తీసిందీ వాళ్ళే. మొదట్లో మేం ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం వంటగది వైపు వెళ్ళి "ఏమైనా తరగమంటారా?" అని అడిగి వచ్చాం. తర్వాత సిగ్గుపడి కూర్చున్నాం.

పొద్దు గూకేవేళకి పడవని ఒక పొలం గట్టుకి కట్టేశారు. చీకటి పడితే జాలర్లు వలలు వేస్తారు, వలలు తెగకుండా హౌస్‌బోట్లు ఆగిపోవాలి. ఈ కట్టుబాటు నాకు ఎంతో నచ్చింది. షికారు పని కోసం ఆగడం మనం ఎక్కడ చూస్తాం? గట్టుకి అవతల వరి చేలు మా పడవకన్నా కిందన ఉన్నాయి. కుట్టనాడులో సముద్రమట్టం కన్నా పల్లంలో సేద్యం చేస్తారు. 2018 వరదల్లో ఆ గట్లు తెగి ఊళ్ళకి ఊళ్ళు సహాయ శిబిరాలకి పోయాయని మా కుట్టనాడు పిల్ల చెప్పింది. తనూ పోయిందట, కుట్టుమిషను తల మాత్రం ఊడదీసి ఎత్తుకుని.

పాటలు పాడుకున్నాం. మొగుళ్ళని వెక్కిరించుకున్నాం. పదకొండింటికి అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టక బయటికొస్తే, మణిపూర్ మిత్రురాలు పడవ అంచున కూర్చుని ఉంది. ఈ మూడు రోజులూ అందరూ తనని 2023 మే తర్వాతి హింస గురించే అడిగారట. అడగాల్సిందే. కానీ తను నీటి గురించి మాట్లాడడానికి వచ్చింది, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

"మా పిన్ని ఇల్లూ ఇలా నీళ్ళమీదే ఉండేది" అంది.

లోక్‌తక్ సరస్సులో గడ్డీ వేళ్ళూ మట్టీ కలిసి తేలే దిబ్బలుంటాయి, ఫుమ్‌డీలంటారు. వాటిమీద గుడిసెలేసుకుని చేపలు పట్టుకు బతికేవాళ్ళు ఎందరో. 1983లో జలవిద్యుత్తు కోసం ఇథాయ్ బరాజ్ కట్టాక నీటిమట్టం పెరిగి ఒడ్డున పొలాలు మునిగిపోయాయి. పొలం పోయిన కుటుంబాలు చాలా చేపలవేటకి, తేలే గుడిసెలకి మళ్ళాయి. 2006లో సరస్సు రక్షణకని చట్టం వచ్చింది. అందులో ఈ గుడిసెలు నేరమయ్యాయి. 2011 నవంబరులో అధికారులు పోలీసులతో వచ్చి వందలాది గుడిసెలు తగలబెట్టారు. కారణం? సరస్సుని కలుషితం చేస్తున్నారట. "పిన్ని వలలూ అందులోనే కాలిపోయాయి" అంటూ ఆమె వెనక్కి తిరిగి మా పడవని చూసింది. ఏసీ గది, గాజు తలుపు, జనరేటరు. "దీన్ని మాత్రం ప్రభుత్వాలు బొమ్మేసి అమ్ముతాయి" అంది.

అప్పుడే లోపల ఎవరో మరుగుదొడ్డిలో నీళ్ళు వదిలారు. ఇద్దరం ఆ చప్పుడు విన్నాం. ఏమీ అనుకోలేదు.

పొద్దున్నే గట్టుమీద ఒకామె గిన్నెలు తోముతోంది. నీళ్ళమీద పరుచుకున్న నూనె తెట్టుని అరచేత్తో అటూ ఇటూ నెట్టి, ఆ కాస్త ఖాళీలో గిన్నె ముంచింది. ఆ చెయ్యి ఆడించిన తీరు చూస్తే అది ఆమెకి రోజూ ఉన్న పనే అని తెలుస్తుంది. కుట్టనాడు పిల్ల ఆమెతో మాట కలిపింది. చుట్టూ ఇన్ని నీళ్ళుండీ తాగే నీళ్ళు కొనుక్కోవలసిన రోజులే ఎక్కువట. తర్వాత ఆమె మమ్మల్నొక ప్రశ్న అడిగింది: ఈ పడవకి ఒక రాత్రికి ఎంత? ఆరుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. జవాబు ఎవరమూ చెప్పలేదు.

మరుగుదొడ్డి ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారని అప్పుడడిగాను పడవ మనిషిని. శుద్ధి కేంద్రానికి చేర్చాలని నిబంధన ఉంది. ఆయన నవ్వి "ఆఫీసులో అడగండి మాడం" అన్నాడు. ఆఫీసులో అడిగితే "అంతా రూలు ప్రకారమే" అన్నారు. రసీదేదైనా ఉందా అంటే లేదు.

ఇక్కడ ఆ సరస్సు సంగతి కొంచెం చెప్పాలి. ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా తణ్ణీర్‌ముక్కం దగ్గర కట్టిన అడ్డుకట్ట 1976 నుంచి పనిచేస్తోంది. వేసవి పంట కాలంలో దాని తలుపులు మూసేస్తారు. అప్పుడు సముద్రపు పోటు వచ్చి కడిగిపోవడం ఉండదు. వేసింది వేసినట్టే ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే యాత్రికుల రద్దీ. వేంబనాడు నీళ్ళలో మలంవల్ల వచ్చే బాక్టీరియా మోతాదు మించి ఉందని పరీక్షల్లో పలుమార్లు తేలింది. తప్పంతా హౌస్‌బోట్లదే అనను. పొలాల పురుగుమందులున్నాయి, పట్నం కాలవలున్నాయి. కానీ ఆ నీళ్ళలో గిన్నెలు తోమేదీ, బట్టలుతికేదీ, మగవాళ్ళు మునిగి తెచ్చిన నల్ల ఆల్చిప్పల్ని ఉడకబెట్టి మాంసం తీసేదీ స్త్రీలు. ఒంటికి ఏ దురదొచ్చినా, కడుపులో ఏ నొప్పొచ్చినా ముందు వాళ్ళకే. ఆ లెక్క మా చార్టుల్లో లేదు.

ఆ మధ్యాహ్నం నిర్వాహకులకి ఉత్తరం రాశాం. నీటి హక్కుల సదస్సుకి వచ్చినవాళ్ళని ఏ పడవ ఎక్కించినా, ట్యాంకు ఖాళీ చేసిన రసీదు అడిగి ఎక్కించాలని, తనిఖీల్లో ఆ గట్టు స్త్రీలు ఉండాలని, ఆ కాగితాలు పంచాయతీలో అందరూ చూసేలా పెట్టాలని. అయిదుగురం సంతకాలు పెట్టాం. కుట్టనాడు పిల్ల పెట్టలేదు.

"చేచీ, నా తమ్ముడు ఇలాంటి పడవే నడుపుతాడు. మీరు రాత్రి రైలెక్కి పోతారు. వాడు రేప్పొద్దున పనికి పోవాలి" అంది.

నర్మద ఆమెకి కోపమొచ్చింది. మాటా మాటా పెరిగింది. మూడు రోజుల స్నేహం అక్కడితో తెగిపోతుందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్ల మాటలో భయమే తప్ప ద్రోహం లేదు. "ఉపాధి" అనే మాటని మన నోరు మూయించడానికి ఎవరు వాడుతున్నారో చూడండి. పడవ యజమాని ట్యాంకు ఖర్చు మిగుల్చుకుంటాడు. అడిగితే పనివాడి పొట్టని అడ్డం పెడతాడు. అక్క నోరు మూతపడితే తమ్ముడి కూలి పెరుగుతుందా? గట్టుమీద ఆమె చర్మరోగం తగ్గుతుందా? కలుషితం కాని నీళ్ళు బతికే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. నీటి కాలుష్య నివారణ చట్టం 1974 నాటిది. లోక్‌తక్‌లో గుడిసెల దాకా నిప్పు పట్టుకెళ్ళిన చట్టం ఇక్కడ రసీదు దాకా కూడా రాలేకపోయిందంటే, చట్టానికి కాళ్ళు లేక కాదు.

ఇదంతా కేరళ సంగతి, మనకెందుకు అనేవాళ్ళకి ఒక మాట. వేంబనాడునీ మన కొల్లేరునీ రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేర్చింది ఒకే ఏడు, 2002లో. కొల్లేరు లంకల ఆడవాళ్ళు తాగే నీళ్ళ కోసం పడే పాట్లు నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. అయినా అలెప్పీలో ఆ పరుపుమీద వాలేటప్పుడు నాకు ఆ లంకలు గుర్తురాలేదు. నేను క్షమాపణ చెప్పాల్సింది దీనికి. మన సంస్థలు ఏటా ఏదో ఒక సముద్రం ఒడ్డున, ఏదో ఒక చెరువు ఒడ్డున సమావేశాలు పెడుతూనే ఉన్నాయి. భోజనం బిల్లు పైసలతో సహా చూస్తాం. మరుగుదొడ్డి నీళ్ళు ఎటు పోతున్నాయో అడిగినవాళ్ళం ఎందరం?

నిర్వాహకుల నుంచి "పరిశీలిస్తాం" అని ఒక వాక్యం వచ్చింది. పోయిన వారం కుట్టనాడు పిల్ల ఫోన్ చేసింది. ఉత్తరాన్ని మలయాళంలోకి తనే మారుస్తుందట, గట్టుమీద స్త్రీలకి చదివి వినిపిస్తుందట. "సంతకం మాత్రం అడగొద్దు చేచీ" అంది. అడగలేదు. ఇంకా ఒక పేజీ మిగిలిందట.